సేలెంలో మంత్రగత్తెల కథ వెంట ఒక రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

బోస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు సేలెం చూపిద్దామనుకునేవాళ్లు ఏటా అవే సందేహాలు అడుగుతుంటారు. వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఆ ఊళ్లో ఎటు చూసినా కోసు టోపీలు, చీపుర్లు, నల్ల పిల్లులే. 1692లో మంత్రవిద్య చేశారన్న నేరం మోపితే అక్కడ బలైపోయిన 20 మంది మాత్రం మంత్రగత్తెలూ కారు, మంత్రగాళ్లూ కారు. సరదాగా తిరగండి, ఫోటోలు దిగండి. కానీ ఆ 20 పేర్లు చదవకుండా వెనక్కి రావద్దు. కింది సలహాలన్నీ ఆ పట్టుదలతో రాసినవే.

## బయల్దేరే ముందు

అక్టోబరులోనే వెళ్లాలా? మిగతా నెలల్లో చూడ్డానికి ఏమీ ఉండదా?

ఉంటుంది. నా మాట వింటే మే నెలలోనో, సెప్టెంబరు మొదట్లోనో వెళ్లండి. స్మారకాలు, పాత శ్మశానం ఏ కాలంలోనైనా చూడొచ్చు, మ్యూజియంలలో వరసలు చిన్నవిగా ఉంటాయి. 1982లో మొదలైన హాలోవీన్ ఉత్సవాలు ఇప్పుడు అక్టోబరు నెలంతా సాగుతాయి. ఆ ఒక్క నెలలోనే పది లక్షల మంది దాకా వస్తారు. ఊరి జనాభా యాభై వేలకు కాస్త తక్కువ. అంటే తిరనాళ్లే. వేషాలు, వీధి సంగీతం, ఆ సందడే కావాలనుకుంటే అక్టోబరులోనే వెళ్లండి, అయితే శని ఆదివారాలు కాకుండా మామూలు రోజు చూసుకోండి.

కారులో వెళ్లాలా, రైలులోనా?

రైలు. బోస్టన్ నార్త్ స్టేషన్‌లో న్యూబరీపోర్ట్ వైపు గానీ, రాక్‌పోర్ట్ వైపు గానీ వెళ్లే కమ్యూటర్ రైలు ఎక్కితే అరగంటకు అటూ ఇటుగా సేలెంలో దిగుతారు. స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డుకు నడకే. ఎండాకాలంలో లాంగ్ వార్ఫ్ నుంచి ఫెర్రీ కూడా నడుస్తుంది. దానికి సుమారు గంట పడుతుంది, పెద్దవాళ్లకు సముద్ర ప్రయాణం బాగా నచ్చుతుంది. అక్టోబరు శనివారం కారు తీసుకెళ్తే పార్కింగ్ కోసమే సగం పూట పోతుంది. ఎన్నో వీధులు మూసేస్తారు.

ఒక్క రోజు సరిపోతుందా? ఏ వరసలో చూడాలి?

ఊరి వరకు సరిపోతుంది. నేను చెప్పే వరస ఇది: పొద్దున్నే, జనం పెరగకముందు, లిబర్టీ స్ట్రీట్‌లోని స్మారకం, దాని పక్క శ్మశానం. తర్వాత విచ్ హౌస్. భోజనం అయ్యాక ఏదైనా ఒక్క మ్యూజియం. ఎండ తగ్గాక ఉరి తీసిన చోటు ప్రాక్టర్స్ లెడ్జ్. ఎసెక్స్ వీధి దుకాణాలు ఆఖరికి ఉంచుకోండి, ఎలాగూ సాయంత్రమే అవి కళకళలాడతాయి. చాలామంది తలకిందులుగా దుకాణాలతో మొదలుపెడతారు. స్మారకం దగ్గరికి వచ్చేసరికి కాళ్లు పీకుతుంటాయి, పిల్లలు ఏడుస్తుంటారు, నిలబడి చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

టికెట్లు ముందే కొనుక్కోవాలా?

స్మారకాలకు టికెట్ లేదు. మ్యూజియంలకు ఆన్‌లైన్‌లో కొంటారు, కొన్నిచోట్ల ఏ రోజు టికెట్లు ఆ రోజు పొద్దున్నే పెడతారు, అక్టోబరులో అవి గబగబా అయిపోతాయి. వేళలు కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి బయల్దేరే ముందు రోజు వాళ్ల వెబ్‌సైట్ చూసుకోండి.

మంత్రగత్తె వేషం వేసుకుని వెళ్తే బాగుంటుందా?

వీధుల్లో నిక్షేపంగా వేసుకోవచ్చు, పిల్లలకు అదే పండగ. ఈ ఊరు కూడా ఆ బొమ్మను తన గుర్తుగా చేసుకుంది: పోలీసుల కార్ల మీద చీపురెక్కిన మంత్రగత్తె ఉంటుంది, హైస్కూలు జట్ల పేరు కూడా అదే. కానీ స్మారకంలోకి, శ్మశానంలోకి, ప్రాక్టర్స్ లెడ్జ్‌కి వెళ్లేటప్పుడు టోపీ తీసి చేత్తో పట్టుకోండి. ఆ 20 మందిని ఆ ముద్ర వేసే చంపారు. అదే ముద్ర తలకెత్తుకుని వాళ్ల పేర్ల ముందు నిలబడటం నాకు బాధగా ఉంటుంది.

## 1692 సంగతులు

అసలు ఏం జరిగింది? క్లుప్తంగా చెప్పండి.

1692 జనవరిలో, సేలెం పట్నానికి పక్క పల్లె అయిన సేలెం విలేజ్‌లో, చర్చి పాస్టరు శామ్యూల్ పారిస్ ఇంట్లో ఇద్దరు పిల్లలకు వింత జబ్బు చేసింది. తొమ్మిదేళ్ల కూతురు బెట్టీ, ఆ ఇంట్లోనే ఉండే పదకొండేళ్ల అబిగైల్ విలియమ్స్. కేకలు, మెలికలు తిరగడం, ఎవరో గిచ్చుతున్నారనడం. ఎవరో చేతబడి చేశారని పెద్దలు తేల్చారు. ఫిబ్రవరి ఆఖరున ముగ్గురి మీద వారెంట్లు వచ్చాయి: పారిస్ ఇంట్లో బానిస అయిన టిటూబా, ఇల్లిల్లూ అడుక్కు బతికే సారా గుడ్, జబ్బుపడి చర్చికి రావడం మానేసిన సారా ఆస్‌బర్న్. ఊళ్లో తమ తరఫున మాట్లాడే దిక్కులేని ముగ్గురే ముందు దొరికారని గమనించండి. అక్కణ్నించి అనుమానం పాకిపోయింది. 150 మందికి పైగా ఆరోపణల్లో ఇరుక్కున్నారు. 14 మంది ఆడవాళ్లను, 5గురు మగవాళ్లను ఉరి తీశారు. సుమారు ఎనభై ఏళ్ల రైతు జైల్స్ కోరీని రాళ్ల బరువు పెట్టి చంపారు. కనీసం 5గురు జైల్లోనే పోయారు.

వాళ్లను సజీవంగా కాల్చేశారట కదా?

లేదు. సేలెంలో ఒక్కరినీ కాల్చలేదు. మంటల్లో కాల్చడం ఐరోపాలో చాలాచోట్ల జరిగింది. మసాచుసెట్స్ అప్పుడు ఇంగ్లండు వలస, ఇంగ్లండు చట్టంలో మంత్రవిద్యకు శిక్ష ఉరి.

మరి ఆ ముసలాయన్ని రాళ్లతో ఎందుకు చంపారు?

అది పేరుకు శిక్ష కాదు, ఒత్తిడి. నేరం చేశావా లేదా అని అడిగితే ఏదో ఒక జవాబు చెప్పాలి, అప్పుడే విచారణ సాగుతుంది. జైల్స్ కోరీ ఆ విచారణకు ఒప్పుకోలేదు. నేల మీద పడుకోబెట్టి, పైన పలక పెట్టి, రాళ్లు పేర్చుకుంటూ పోయారు. 1692 సెప్టెంబరు 19న ప్రాణం పోయింది, ఆయన మాత్రం లొంగలేదు. మూడు రోజులకు, సెప్టెంబరు 22న, ఆయన భార్య మార్తా కోరీని మరో ఏడుగురితో కలిపి ఉరి తీశారు. అవే ఆఖరి ఉరులు.

ఏ సాక్ష్యం చూసి శిక్షలు వేశారు?

ఎక్కువగా, కంటికి కనపడని సాక్ష్యం. 'ఈమె ఆత్మ రాత్రి నా గదిలోకి వచ్చి గొంతు నులిమింది' అని ఒకరు చెబితే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుంది. ఆ సమయంలో ఆమె తన ఇంట్లో నిద్రపోతోందని వందమంది చెప్పినా లాభం లేదు, ఎందుకంటే వచ్చింది మనిషి కాదు, ఆకారం. దీనికి ఎదురు సాక్ష్యం ఎక్కణ్నించి తెస్తారు? నిందితుల తరఫున వాదించడానికి వకీళ్లు కూడా లేరు. డెబ్బై ఒక్క ఏళ్ల రెబెకా నర్స్ మంచిదని ఊరివాళ్లు దాదాపు నలభై మంది సంతకాలు పెట్టారు. జ్యూరీ కూడా ముందు నిర్దోషి అంది. ఫిర్యాదు చేసిన పిల్లలు కోర్టులోనే గగ్గోలు పెట్టేసరికి, జడ్జి మళ్లీ ఆలోచించమన్నాడు. తీర్పు మారింది. జూలై 19న ఉరి తీశారు.

నేరం ఒప్పుకున్నవాళ్లను వదిలేశారట, నిజమేనా?

ఈ కథలో నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే. అవును, నేరం ఒప్పుకుని ఆ మాట మీదే ఉన్నవాళ్లెవరినీ ఉరి తీయలేదు. 'నేను చేయలేదు' అని నిజం పలికినవాళ్లే పోయారు. శామ్యూల్ వార్డ్‌వెల్ అనే వడ్రంగి ముందు ఒప్పుకుని, తర్వాత అబద్ధం ఆడానని మాట వెనక్కి తీసుకున్నాడు. అతన్నీ ఉరి తీశారు. ఒక్క అబద్ధంతో బతికే వీలుండి కూడా ఆ 19 మంది ఆ అబద్ధం మీద నిలబడలేదు. అందుకే వాళ్ల పేర్లు చదవమని పదే పదే చెబుతున్నాను.

పిల్లలకు నిజంగా ఏమైంది? విషపు ధాన్యం తిన్నారని ఎక్కడో చదివాను.

రై గింజల మీద పట్టే బూజు వల్ల భ్రమలు కలిగాయన్న వాదన 1976లో వచ్చింది. చాలామంది చరిత్రకారులు, వైద్యులు దాన్ని ఒప్పుకోలేదు. ఒకే రొట్టె తిన్న ఇంట్లో అందరికీ జబ్బు చేయలేదు, కోర్టుకు రాగానే మొదలై బయటికి వెళ్లగానే తగ్గిపోయే విషం ఉండదు. ఊరి పరిస్థితి చూస్తే ఎక్కువ అర్థమవుతుంది. ఉత్తరాన వబనాకీ అనే స్థానిక అమెరికన్ తెగలతో యుద్ధం, అక్కణ్నించి సర్వం పోగొట్టుకుని వచ్చిన కాందిశీకులు, పట్నం సేలెంకీ పల్లె సేలెంకీ మధ్య పేచీలు, పాస్టరు జీతం మీద తగాదా, ఆరోపణలు చేసినవాళ్లలో ముందున్న పుట్నమ్‌ల కుటుంబానికి ఇరుగుపొరుగుతో పొలం గట్ల గొడవలు. భయం, పాత కక్షలు అప్పటికే ఉన్నాయి. పిల్లల జబ్బు వాటికి దారి ఇచ్చింది.

తర్వాత ఎవరైనా క్షమాపణ చెప్పారా?

1692 అక్టోబరులో గవర్నరు విలియం ఫిప్స్ ఈ విచారణలు జరిపిన కోర్టును రద్దు చేశాడు. 1697లో శామ్యూల్ సూయల్ అనే జడ్జి బోస్టన్ చర్చిలో అందరి ముందూ నిలబడి, తన తప్పు ఒప్పుకుంటూ రాసిన కాగితాన్ని చదివించాడు. 1706లో, ఎంతోమంది మీద ఆరోపణలు చేసిన యాన్ పుట్నమ్ క్షమాపణ అడిగింది. 1711లో చాలామంది శిక్షలు రద్దు చేసి కుటుంబాలకు పరిహారం ఇచ్చారు. అందరి పేర్లూ అప్పుడే చేరలేదు. శిక్ష పడినా ఉరి తప్పిన ఎలిజబెత్ జాన్సన్ జూనియర్ పేరు 2022 దాకా దోషుల జాబితాలోనే ఉంది. నార్త్ యాండోవర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు పట్టుబట్టి పనిచేస్తే అది తొలగింది. మీ పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

## పొద్దున

స్మారకంలో ఉత్త రాతి బల్లలే ఉంటాయట. అంత దూరం వెళ్లి ఏం చూడాలి?

లోపలికి అడుగుపెట్టే ముందు నేలకేసి చూడండి. గుమ్మం రాళ్ల మీద నిందితులు కోర్టులో మొరపెట్టుకున్న మాటలు చెక్కి ఉంటాయి. ఆ వాక్యాలు పూర్తికావు, గోడ కిందికి వెళ్లి మధ్యలోనే తెగిపోతాయి. ఎవరూ వాళ్ల మొర పూర్తిగా వినలేదని చెప్పడానికి అలా కట్టారు. లోపల గ్రానైట్ గోడ నుంచి పొడుచుకొచ్చిన 20 బల్లలుంటాయి. ఒక్కోదాని మీద పేరు, ఎలా చంపారు, ఏ రోజు. 300 ఏళ్లు నిండిన సందర్భంగా 1992 ఆగస్టులో దీన్ని ఆవిష్కరించింది, నాజీల శిబిరాల నుంచి బతికి బయటపడిన నోబెల్ శాంతి బహుమతి గ్రహీత ఎలీ వీజెల్. అక్కడ పువ్వులు పెట్టేవాళ్లు చాలామంది. మీరూ పెట్టొచ్చు. బల్లల మీద కూర్చుని తినడం మాత్రం వద్దు.

అత్తయ్యగారు శ్మశానంలోకి రానంటున్నారు. బలవంతపెట్టాలా?

వద్దు. స్మారకం శ్మశానానికి ఆనుకుని ఉంటుంది గానీ, దానికి వేరే దారి ఉంది. ఆవిడ స్మారకం చూసి బయట కూర్చోవచ్చు. ఆ మాటకొస్తే 1637 నాటి ఆ శ్మశానంలో ఉరి తీసినవాళ్లెవరూ లేరు. అక్కడ సమాధి ఉన్నది వాళ్లను ప్రశ్నలతో వేధించిన జడ్జి జాన్ హాథోర్న్‌కి. చంపినవాళ్ల శవాలను ఉరి తీసిన చోటే రాళ్ల సందుల్లో పడేశారని, చీకటి పడ్డాక కొందరి బంధువులు వచ్చి తీసుకెళ్లారని చెబుతారు. లోపలికి వెళ్లేవాళ్లు సమాధి రాళ్లను ముట్టుకోకండి, ఆనుకోకండి. అవి పెళుసు పలకలు.

విచ్ హౌస్ అంటే మంత్రగత్తె ఉన్న ఇల్లా?

కాదు, జడ్జి ఉన్న ఇల్లు. జోనథన్ కార్విన్ 1675లో కొన్నాడు. 1692 విచారణలతో నేరుగా సంబంధం ఉండి సేలెంలో ఇంకా నిలబడి ఉన్న కట్టడం ఇదొక్కటే. 1940లలో రోడ్డు వెడల్పు చేస్తుంటే కూల్చకుండా ఇంటినే కాస్త వెనక్కి జరిపారు. లోపల దయ్యాలు, అరుపులు ఏమీ ఉండవు. పెద్ద పొయ్యి, తక్కువ ఎత్తు దూలాలు, ఆనాటి మందులు, వంట సామాను. ఆ చీకటి గదుల్లో నిలబడితే, శీతాకాలం రాత్రి ఆ మనుషులు దేనికి భయపడి ఉంటారో తెలుస్తుంది. ఒక్క టికెట్టే కొనగలిగితే నేను దీనికే కొంటాను.

## మధ్యాహ్నం

సేలెం విచ్ మ్యూజియమా, పీబాడీ ఎసెక్స్ మ్యూజియమా?

కథ అస్సలు తెలియనివాళ్లకు, పెద్ద పిల్లలకు మొదటిది. పాత చర్చి భవనంలో చీకటి హాలు, చుట్టూ నిలువెత్తు బొమ్మలు, వెనక నుంచి కథ చెప్పే గొంతు. అక్కడ అసలు వస్తువులు చూడబోతున్నామని అనుకోకండి. కథ తెలిసినవాళ్లు పీబాడీ ఎసెక్స్‌కి వెళ్లండి. అది చాలా పెద్ద మ్యూజియం, వారంలో కొన్ని రోజులు మూసి ఉంటుంది, చూసుకుని వెళ్లాలి.

విచ్ మ్యూజియం ముందు టోపీ, అంగీతో ఉన్న విగ్రహం ఏ మంత్రగత్తెది?

ఆయన రోజర్ కోనంట్, 1626లో ఈ ఊరికి పునాది వేసినవాడు. గాలికి ఎగిరే అంగీ, వెడల్పు టోపీ చూసి అందరూ పొరబడతారు. చీపురు మీద కూర్చున్న నిజమైన మంత్రగత్తె బొమ్మ కావాలంటే ఎసెక్స్ వీధికి వెళ్లండి, ఒక పాత టీవీ ధారావాహికలోని పాత్ర విగ్రహాన్ని 2005లో పెట్టారు.

మన దేశానికీ ఈ ఊరికీ ఏమైనా సంబంధం ఉందా?

బోలెడంత. మంత్రగత్తెల కథ అయిపోయిన వందేళ్లకు సేలెం ఓడలు కలకత్తా, మద్రాసు, సుమత్రా రేవులకు తిరిగేవి. మన నూలు బట్టలు, మిరియాలు ఇక్కడ దిగేవి. 1790 డిసెంబరులో, ఓడ కెప్టెన్‌తో వచ్చిన మద్రాసు మనిషిని చూశానని విలియం బెంట్లీ అనే పాస్టరు తన డైరీలో రాసుకున్నాడు. 1796లో అమెరికా గడ్డ మీద దిగిన మొదటి ఏనుగును బెంగాల్ నుంచి తెచ్చింది సేలెం కెప్టెన్ జేకబ్ క్రౌనిన్‌షీల్డ్. ఆఫ్రికా కొసన ఉన్న గుడ్‌హోప్ అగ్రమో, దక్షిణ అమెరికా కొసన ఉన్న హార్న్ అగ్రమో దాటివచ్చిన కెప్టెన్లు 1799లో ఒక సంఘం పెట్టుకుని, తెచ్చిన వస్తువులన్నీ దాచారు. అదే పీబాడీ ఎసెక్స్ మ్యూజియానికి మూలం. అందులో ఆధునిక భారతీయ చిత్రకళ సేకరణ పేరున్నది. నాన్నగారికి మంత్రగత్తెల గోల నచ్చకపోతే, ఇక్కడా, డెర్బీ వార్ఫ్ అనే పాత ఓడరేవు దగ్గరా ఆయన పూట హాయిగా గడిచిపోతుంది.

శాకాహారులం. తినడానికి ఏమైనా దొరుకుతుందా?

పీట్జా, సలాడ్లు, ఫలాఫెల్ దొరుకుతాయి. ఇది సముద్రతీరం కాబట్టి చౌడర్ అనే తెల్లటి సూపు ప్రతిచోటా ఉంటుంది. అందులో నత్తగుల్లల మాంసమే కాక చాలాసార్లు పంది మాంసం కూడా పడుతుంది, అడగకుండా తీసుకోవద్దు. అక్టోబరులో అయితే పులిహోరో, పెరుగన్నమో కట్టుకెళ్లి సేలెం కామన్ అనే పార్కులో చెట్టు కింద కూర్చోవడం అన్నిటికన్నా సుఖం. 1806 నుంచి నడుస్తున్న మిఠాయి దుకాణం డెర్బీ వీధిలో ఉంది. అక్కడి జిబ్రాల్టర్ బిళ్లలు ఇంటికి కొనండి.

ఉరి తీసింది గ్యాలోస్ హిల్ కొండ మీదేనా?

కొండ పైన కాదు, దిగువన. పైనే అని చాలాకాలం నమ్మారు. సిడ్నీ పెర్లీ అనే చరిత్రకారుడు 20వ శతాబ్దం మొదట్లోనే కింది రాతి గుట్టను చూపించాడు. కోర్టుకు తీసుకొస్తుండగా కొండ కింది ఇంట్లో ఆగిన రెబెకా ఈమ్స్ అనే నిందితురాలు, అక్కణ్నించి ఉరి దగ్గరి జనాన్ని చూశానని చెప్పిన మాట పాత కాగితాల్లో ఉంది. దాన్నీ నేల వాలునూ పరిశీలించి, 2016లో పరిశోధకులు ప్రాక్టర్స్ లెడ్జ్ అని ఖాయం చేశారు. 2017 జూలై 19న, మొదటి సామూహిక ఉరికి సరిగ్గా 325 ఏళ్లకు, పోప్ వీధిలో చిన్న స్మారకం తెరిచారు. వంపు గోడలో 19 పేర్లు, మధ్యలో ఒక ఓక్ చెట్టు. ఊరి మధ్య నుంచి ఇరవై, ఇరవై అయిదు నిమిషాల నడక. చుట్టూ ఇళ్లు, పెద్దగా మాట్లాడకండి.

## సాయంత్రం, పిల్లలు, పెద్దలు

జాతకం, టారో (పేక ముక్కలతో చెప్పే జోస్యం) చెప్పించుకోవచ్చా? అక్కడివాళ్లు నిజంగా మంత్రగత్తెలా?

1970ల నుంచి విక్కా అనే మతాన్ని పాటించేవాళ్లు ఇక్కడ స్థిరపడుతూ వచ్చారు. తమను తాము మంత్రగత్తెలనే చెప్పుకుంటారు, వాళ్లకది పూజ, ప్రకృతి ఆరాధన. వాళ్లను చూసి నవ్వకండి, అడగకుండా ఫోటో తీయకండి. టారో మీ ఇష్టం, ధర ముందే అడగండి. 'మీ ఇంటికి దిష్టి ఉంది, ఇంకొంత డబ్బు కడితే తీస్తాం' అనే మాట ఎక్కడ వినిపించినా లేచి వచ్చేయండి.

మా పాపకి ఆరేళ్లు. భయపడుతుందా? ఏమని చెప్పాలి?

దయ్యాల ఇళ్లు, చీకటి హాళ్లు మానేయండి. స్మారకం, కామన్, ఓడరేవు చూపించండి. చెప్పడానికి డొరతీ గుడ్ కథ ఉంది గానీ, ఎంత చెప్పాలో మీరే చూసుకోండి. సారా గుడ్ కూతురు, నాలుగైదేళ్ల పిల్ల. ఆ పసిదాన్ని కూడా మంత్రగత్తె అని గొలుసులు వేసి నెలల తరబడి జైల్లో పెట్టారు. తల్లిని ఉరి తీశారు. ఆ పిల్ల తర్వాత ఎన్నడూ మామూలు మనిషి కాలేదని తండ్రి పరిహారం అర్జీలో రాశాడు. ఆరేళ్ల పాపకి 'తప్పు చేయనివాళ్లను తప్పు చేశారన్నారు, వాళ్ల కోసం ఎవరూ మాట్లాడలేదు' అంటే చాలు.

పెద్ద పిల్లలకైతే మన దగ్గరి సంగతి దాచకండి. తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన కేసులు మన కాలంలోనూ ఉన్నాయి. ఎక్కువసార్లు అక్కడా జరిగేది ఇదే: ఇంట్లో ఎవరికో జబ్బు, ఊళ్లో ఒంటరిగా ఉన్న మనిషి మీద వేలు. ఝార్ఖండ్ లాంటి రాష్ట్రాలు దీని మీద ప్రత్యేక చట్టాలే చేయాల్సి వచ్చింది. సేలెం చూసి 'తెల్లవాళ్ల మూఢనమ్మకం' అనుకుని వస్తే ప్రయాణం వృథా.

నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. తిరగగలరా?

ఊరి నడిబొడ్డు చదునే, కానీ ఇటుక కాలిబాటలు ఎగుడుదిగుడు. స్మారకం, పీబాడీ ఎసెక్స్ మ్యూజియం సులువు. విచ్ హౌస్ మెట్లు ఇరుకు. ప్రాక్టర్స్ లెడ్జ్‌కి టాక్సీలో తీసుకెళ్లండి, గోడ ముందు వీధిలోనే ఉంటుంది, గుట్ట ఎక్కనక్కర్లేదు.

## ఇంకో రోజు దొరికితే

ఇదంతా జరిగింది అసలు సేలెంలో కాదంటారు. మరెక్కడ?

విచారణలు, ఉరులు సేలెం పట్నంలో. మొదలైంది మాత్రం సేలెం విలేజ్‌లో, అదే ఇప్పటి డాన్వర్స్. అక్కడ మూడు చూడండి. పాస్టరు పారిస్ ఇంటి పునాది రాళ్లు, తవ్వకాల్లో బయటపడినవి, ఇళ్ల వెనక సన్నటి దారిలో ఉంటాయి. హోబార్ట్ వీధిలో 1992 నాటి స్మారకం, పాత ప్రార్థనా మందిరం ఉన్న చోటికి ఎదురుగా. మూడోది రెబెకా నర్స్ ఇల్లు, చుట్టూ పొలంతో సహా మిగిలింది. ఆమె శవాన్ని పిల్లలు తెచ్చి ఆ నేలలోనే పాతిపెట్టారని ఆ కుటుంబంలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఉరి తీసిన జార్జ్ జేకబ్స్‌వని భావించే ఎముకలను 1992లో అక్కడే ఖననం చేశారు. ఆ ఇల్లు వెచ్చటి నెలల్లోనే తెరుస్తారు. డాన్వర్స్‌కి రైలు లేదు కాబట్టి, ఈ రోజుకు మాత్రం కారు తీసుకెళ్లండి.